మీ అక్క పాఠాలు

బావమరిదీ,

సైట్ పెట్టుకునే చోట్లలో షేర్డ్ హోస్టింగ్ అంటే హాస్టల్ గది, వీపీఎస్ అంటే విడి పోర్షన్ అని నువ్వే చెప్పావు. మీ అక్క పాడి రికార్డు చేసిన సంగీత పాఠాలు సైట్‌లో నెమ్మదిగా తెరుచుకుంటున్నాయని పోర్షన్‌కు మార్చాం. ఇంట్లో కంప్యూటర్ నిండిపోతే సైట్‌లో ఉన్నాయి కదా అని ఇక్కడి కాపీలు చెరిపేశాం. హాస్టల్లో అయితే కాపీలు హోస్టింగ్ వాళ్లే దాచేవాళ్లు. పోర్షన్‌కు కాపలా ఉండదని నాకెవరు చెప్పారు? మొన్న వాళ్ల డిస్కు చెడిపోయింది. "వీపీఎస్‌కి కాపీలు మీరే తీసుకోవాలండీ" అని చేతులు దులుపుకున్నారు. ఎక్కడైనా ఒక్క పాఠం మిగిలుంటుందా? ఉండదని తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశాక ఆమెకు మిగిలిన గొంతు ఆ పాఠాల్లోదే. రోజూ ఆ సైట్ తెరవాలని చూస్తుంది. ఇవాళ పలక మీద "ఇంకా నెమ్మదేనా?" అని రాసి చూపించింది.

అవునన్నాను. తను నిన్ను అడిగితే నువ్వూ అవుననే చెప్పు.

మీ బావ