ఏడో బావి

అక్టోబర్ 15, 1955
ఇయ్యాల ఎంగిలిపూల బతుకమ్మ. పూలు సగం పేర్చి వదిలేసిన, ఇంకో పని మీద వడ్డ. మా పోస్ట్‌మ్యాన్ దస్తగీర్ చాచాను చూస్తే పానం తరుక్కుపోతుంది. పండుగ సీజన్ వచ్చిందంటే గ్రీటింగులు, పార్సెళ్లు, సంచి నేలకు రాస్తది. మోకాలు పట్టుకొని మా మెట్లెక్కుతడు. అందుకే కింద గేటు లోపట డాల్డా డబ్బా వేలాడగట్టిన. కమ్మీల నడుమ చెయ్యి పెట్టి చిట్ఠీలు అండ్ల వేస్తే చాలు. నువ్వే పోస్ట్‌మాస్టర్‌వి అయిపోయినవని మా ఆయన ఒకటే నవ్వుడు. నవ్వనీ.

అక్టోబర్ 17
నా తెలివికి అగ్గి పెట్ట! డబ్బా కిందనే కదా మా కుక్క రాజాగాన్ని కట్టేసేది. చాచా చెయ్యి లోపట పెట్టంగనే పట్టేసిండు. వేళ్ల కాడ పళ్లు దిగినయ్. రాజా ఎన్నడూ ఎవర్నీ కరిసినోడు కాదు. పసుపు పెట్టి గుడ్డ కట్టిన. ఏడ్సుడు నాది, ఊకుంచుడు చాచాది. ఏం గాదు బేటీ, చీమ కుట్టినట్టే ఉందంటడు.

మా ఆయన దవాఖానకు పొమ్మన్నడు. కడుపుల పద్నాలుగు సూదులంట, రోజుకొకటి. పండుగ డ్యూటీల లీవ్ ఏడ దొరుకుతది అన్నడు చాచా. కుక్క కరిస్తే ఏడు బావులల్ల మొహం చూసుకోవాలె, విషం దిగిపోతదని వాళ్లమ్మ చెప్పేదంట. రేపు కిషన్‌బాగ్‌ల ఇంటి నుంచి వచ్చేటప్పుడు చూసుకుంట వస్తనన్నడు.

అక్టోబర్ 18
ఆరు బావులు చూసి వచ్చిండు. ఏడోది మా పెరట్ల బావి. నేనే బొక్కెన పక్కకు జరిపిన. చాచా మస్తుసేపు వంగి చూసిండు, నవ్వుకుంట లేసిండు. చేదిన నీళ్లు చెంబెడు ఇస్తే గటగట తాగిండు. నా గుండెల మీది రాయి దిగింది.

కుక్కను పది రోజులు చూడాలె, మంచిగుంటే ఫికర్ లేదు, తేడా వస్తే మాత్రం సూదులకు ఉరకాలె అని మా ఆయన ఆఫీసుల ఎవరో చెప్పిండ్రంట. చాచాకు చెప్పిన. సరే, రోజూ అడుగుతనన్నడు.

అక్టోబర్ 20
రాజా అన్నం ముట్టలే.

అక్టోబర్ 21, పొద్దుగాల
గొలుసు తెగింది. రాజా లేడు. గొలుసు నిండా నురుగు.

మధ్యాహ్నం
రాజా కైసా హై అని అడిగిండు చాచా. మంచిగున్నడు, పెరట్ల కట్టేసిన అన్న. ఎందుకన్ననో! నోట్లకెళ్లి అదే వచ్చింది. రాజా దొరకంగనే అసలు సంగతి చెప్త. ఊకె ఆయనను పరేషాన్ చేసుడెందుకు?

అక్టోబర్ 23
పక్కింటి పుష్పమ్మ వచ్చి చెప్పింది. రాజా మురుగు మోరీ కాడ చచ్చిపడున్నడంట. చచ్చే ముందు ఎవరిదో మేకను కరిసిండంట. మా ఆయన తలుపేసి, నోరు మూసుకొని ఉండు అన్నడు. పోలీసుల దాకా పోతది, నాది టెంపరరీ నౌకరి అన్నడు. ఆయన మీద తోసుడెందుకు? నోరు నాదే కదా.

రేపు చెప్త.

అక్టోబర్ 24
చెప్పలే.

అక్టోబర్ 27
పది రోజులు నిండినయని చాచా మొహం వెలిగిపోతుంది. అల్లా మెహర్బానీ అన్నడు. రాజాకని కాయితంల చుట్టి మటన్ బొక్కలు తెచ్చిండు. వాడు నన్ను కరిసిండు గానీ నాకు వాని మీద కోపం లేదు, నీ చేత్తోనే పెట్టు బేటీ అన్నడు. తీసుకున్న. పెరట్లకు పోయి, బావి ఎనుక పాతిపెట్టిన. నా అసొంటి దాన్ని ఏం చెయ్యాలె?

నవంబర్ 10
దీపావళి దగ్గరవడ్డది. చాచా సంచి ఇంకా బరువైంది. కరిసిన చెయ్యి జుమ్మంటుందంట. రాత్రి జ్వరం వచ్చిందంట, నిద్ర లేదంట. సంచి మోసీ మోసీ గిట్లయిందన్నడు. అవునన్న. అవునని ఎట్లన్ననో ఆ దేవునికే ఎరుక.

నవంబర్ 12
అంతా చెప్పేసిన. గేటు కమ్మీలు పట్టుకొని చాచా నిలబడ్డడు, ఇవతల నేను. గొలుసు, నురుగు, మేక, అన్నీ చెప్పిన. కాళ్లు మొక్కుత, ఇప్పుడే దవాఖానకు పోదాం అన్న. ఆయన తిట్టలే. తిడితే బాగుండు. గొంతు ఎండుతుంది, నీళ్లియ్యమన్నడు, అంతే.

చెంబు తెచ్చిన. మూతి కాడికి పోలే, గొంతు బిగుసుకపోయింది. చెంబు విసిరికొట్టిండు. నీళ్లు మెట్ల మీదికెళ్లి కారుతుంటే గోడకు అతుక్కపోయిండు. పెరట్ల పుష్పమ్మ నీళ్లు చేదుతుంది. ఆ గిలక చప్పుడు ఇనపడంగనే చెవులు మూసుకున్నడు. బేటీ, ఆ బావికి మూత పెట్టు అని బతిమిలాడిండు.

మా ఆయన రిక్షాల దవాఖానకు తీస్కపోయిండు. డాక్టర్ సూది ఇయ్యలేదంట. నీళ్లకు బెదురుడు మొదలైనంక ఇగ లాభం లేదన్నడంట.

నవంబర్ 16
బావికి మూత పెట్టిన.

కొత్త పోస్ట్‌మ్యాన్ వచ్చిండు. డబ్బాల చిట్ఠీ వేసి, మంచి సౌలత్ చేసిండ్రమ్మా, మెట్లెక్కే పని లేదు, గల్లీల అందరూ గిట్లనే పెడితే బాగుండు అన్నడు.