మేడమీద బోరు

తిరుపతి,
ఆదివారం.

ఐరాల గోవిందయ్యకు, ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి నిన్ను ఇప్పటిదాకా భరిస్తున్న యతిరాజులు వ్రాసేది.

ఇక్కడ నేనూ కల్యాణవల్లీ బాగున్నాం, నా మోకాలు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఫోను చేద్దామంటే నీకు సగం వినపడదు, వినపడని సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఉత్తరం.

ఆఫీసులో ఫైళ్ళు తిప్పి తిప్పి రిటైరైన చేతులు కదా, ఊరికే ఉండలేకపోతున్నాయి. చిత్తూరులో ఎవరో షెడ్డు మూసేస్తుంటే పాత లేత్ మిషను ఒకటి కొని మేడమీద గదిలో బిగించాను. ఇనుప కడ్డీ పెట్టి మీట నొక్కితే గిరగిరా తిరుగుతుంది. ఉలి ఆనించామా, మురుకులు పిండినట్టు పొట్టు లేస్తుంది.

నిన్న మేడమీదే మొదటి బోరు వేశాను, గోవిందయ్యా! ఎంత సాఫీగా దిగిందనుకున్నావు! కల్యాణవల్లి మాత్రం, "ఈ బోరుతో నా గ్రైండరు మళ్ళీ తిరిగిందా సరే సరి, లేదంటే ఉగాదికి మీ మిషను పాతసామాన్ల బండి ఎక్కుతుంది" అంటోంది. నా ప్రాణమంతా ఆ మిషను మీదే ఉందని నీకు వేరే చెప్పాలా?

నీ
యతిరాజులు

తా.క.: కింద అద్దెకున్న ఏబెల్ సారు పైకొచ్చి, "భూకంపమా సార్?" అన్నారు. బోరు అన్నాను. నమ్మలేదు.

*

ఐరాల,
శుక్రవారం.

యతిరాజులు సామికి గోవిందయ్య దండాలు. ఈడ నేనూ, ఎనుములూ, మామిడిచెట్లూ బాగుండాము. నువ్వే బాగున్నట్టు లేదు.

మేడమింద బోరేంది సామీ! లోకంలో ఎవుడైనా నేలమింద ఏస్తాడు. అంత ఎత్తునించి మొదలుపెడితే నీళ్ళు ఇంకా దూరమే కదప్పా! అసలు మిషను మేడ ఎట్లెక్కింది? గ్రైండరు కోసరం బోరంట! పిండి రుబ్బేదానికి చెంబుడు నీళ్ళు సాలవా?

నేను ఏసిన బోర్లన్నీ దుమ్ము లేసినాయి. ఆ పిచ్చిలో పడి సగం ఎనుముల్ని అమ్ముకున్నోణ్ణి నేను, నా మాట ఇను. ఎన్ని అడుగులు దిగినావు? నీళ్ళు పడినాయా? కింద ఏబెల్ సారు పిల్లోల్లు పండుకుంటారే, వాళ్ళ గతేంది? చెల్లెమ్మ చెప్పినట్టు మిషను పంపించేయ్.

ఇట్లు నీ మేలు కోరే
గోవిందయ్య

తా.క.: నీ ఉత్తరం తిన్నె మింద పెడితే పై సగం మా దూడ నమిలేసింది. "నిన్న మేడమీదే" కాన్నించి మిగిలింది. పైన ముఖ్యమైందేమన్నా ఉండిందా?

*

తిరుపతి,
బుధవారం.

గోవిందయ్యా,

నేను క్షేమం. దూడ కూడా క్షేమమని తలుస్తాను. పై సగంలో ఏముంది, కుశలప్రశ్నలూ నా సోదీ. అసలు సంగతంతా బోరే.

నీ కోడిగీతల్లో సగం అర్థం కాలేదు కానీ, అర్థమైనంతకు జవాబిస్తాను. మిషనును నలుగురు పట్టి, తాళ్ళు కట్టి ఎక్కించారు. నేలమీద వెయ్యమన్నావు, కింద ఏబెల్ కుటుంబం ఉందయ్యా, జాగా ఏది? అడుగులేమిటి, రెండంగుళాలు దిగేసరికే నాకు చెమటలు పట్టాయి! ఇక నీళ్ళంటావా, నీళ్ళు మేమే పోయాలి. పోయకపోతే బోరు మాడిపోతుంది. నేను మీట పడతాను, కల్యాణవల్లి విసుక్కుంటూ చెంబుతో పోస్తుంది.

రోజుకొకటి వేస్తున్నాను కానీ ఒక్కటీ కుదరడం లేదు. ఒకటి వదులు, ఒకటి బిగువు, ఒకటి వంకర. చెడిపోయిన బోర్లన్నీ కిటికీలో వరుసగా పెట్టాను, చూడముచ్చటగా ఉన్నాయి. ఉగాది దగ్గరపడుతోంది.

నీ
యతిరాజులు

తా.క.: ఇవాళ్టి బోరు చేయిజారి మంచం కిందికి దొర్లిపోయింది. ఇంకా దొరకలేదు.

*

ఐరాల,
సోమవారం.

సామీ,

దండాలు పెట్టేదానికి కూడా చేతులు రాలేదు. బోరు ఎండిపోయేది సూసినా, పూడిపోయేది సూసినా. మంచం కిందికి దొర్లిపోయేది సూడలేదు.

నువ్వు ఇంకేమీ చెయ్యొద్దు. పలమనేరు వెంకటముని నాకు బాగా కావలసినోడు. టెంకాయ తీసుకోని నీ మేడకొస్తాడు. ఆయన పని ఆయన్ని చేసుకోనీ. ఏం చెప్తే అది ఇను.

గోవిందయ్య

తా.క.: నిద్ర పడతాందా నీకు? అన్నం తింటాండావా?

*

తిరుపతి,
గురువారం.

ప్రాణమిత్రుడు గోవిందయ్యకు వెయ్యి నమస్కారాలు!

నా మిషనుకు పూజ చేయించాలని నీకు తట్టింది చూడు, నాకు కళ్ళు చెమర్చాయి. వెంకటముని వచ్చాడు. అబ్బా, ఏం భక్తి! టెంకాయ అరచేతిలో పెట్టుకొని గదంతా తిరిగాడు. మిషను దగ్గరికి రాగానే కళ్ళు మూసుకొని నిలబడిపోయాడు. ముహూర్తం దాటిపోతుందేమోనని నేనే ఆ టెంకాయ అందుకొని మిషను ముందు ఠపీమని కొట్టాను. ఆయన కళ్ళు తెరిచి, బోరున ఏడ్చాడయ్యా! అంతటి భక్తుణ్ణి ఈ కొండకింద కూడా నేను చూడలేదు.

ఉగాది ఎల్లుండి. పాతసామాన్ల మునివెంకటప్ప వీధిలో బండి నిలిపి నా మేడవైపే చూస్తున్నాడు. బోరు ఇంకా కుదరలేదు.

నీ
యతిరాజులు

తా.క.: టెంకాయ చట్నీ చేసుకున్నాం. మక్కిన వాసన వచ్చింది, అయినా ప్రసాదం కదా అని తిన్నాను. వెంకటముని ముట్టలేదు. ఉపవాసమేమో.

*

ఐరాల,
శనివారం.

చెల్లెమ్మ కల్యాణవల్లికి గోవిందయ్య అన్న వ్రాసేది. ఈ కాగితం సామికి చూపించొద్దు తల్లీ.

సామికి మతి చలించినట్టుండాది. మేడమింద బోర్లేసి కిటికీలో పెడతాండాడంట. వెంకటముని పూజారి కాదమ్మా, టెంకాయతో నేలలో నీళ్ళు యాడుండాయో చూసేవాడు. ఆ టెంకాయ వాళ్ళ నాయన కాలందంట. దాన్ని పగలగొట్టి చట్నీ నూరుకున్నారు! ఆయన ఈడ మా తిన్నె మింద కూర్చోని ఇంకా ఏడస్తాండాడు.

మంచి డాక్టరుకు చూపించు. నీళ్ళకే కష్టమైతే చెప్పు, ట్యాంకరు పంపుతా. బోర్ల పిచ్చిలో నేను చెడింది చాలు. నాకుండేది ఒకే ఒక్క స్నేహితుడు తల్లీ, వాడూ చెడిపోతే నేను తట్టుకోలేను.

గోవిందయ్య

తా.క.: డాక్టరు ఇంట్లో కూడా బోరు ఏస్తానంటాడేమో, చెయ్యి పట్టుకోనే ఉండు.

*

తిరుపతి,
మంగళవారం.

గోవిందయ్య అన్నకు కల్యాణవల్లి నమస్కారాలు.

మీ స్నేహితుడి మతికేమీ కాలేదన్నా, ఎప్పుడూ ఉన్నంత ఉంది. గ్రైండరు ఇరుసుకు ఇత్తడి బుష్షు అని చిన్న గొట్టం ఉంటుంది. దాని నడుమ లేత్ మిషను మీద వేసే బెజ్జాన్ని కూడా బోరనే అంటారు. ఆయన వేస్తున్నది ఆ బోరు, కిటికీలో పెట్టింది ఆ బుష్షుల్నే. మీ మొదటి ఉత్తరం చదవగానే నాకు అర్థమైంది. వంటింట్లోకి వెళ్ళి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వాను కానీ ఆయనకు చెప్పలేదు. మీ తిట్లకు జడిసైనా మిషను వదిలించుకుంటారని నా ఆశ. ఇల్లంతా ఇత్తడి పొట్టే, పెరుగన్నంలో కూడా పొట్టే! మీరు అంత బెంగపడతారని అనుకోలేదు. తప్పు నాది. వెంకటమునికి మంచి పిలకటెంకాయ పంపుతాను.

ఉగాది ముందురోజు ఆయన కునుకు తీస్తుంటే పాతసామాన్ల మునివెంకటప్పను పైకి పిలిచాను. "తిరుగుతుందో లేదో సూపీమ్మా" అన్నాడు. మీట నొక్కాను. బుష్షు బిగించే ఉంది. ఎలా ఉంటుందో చూద్దామని ఉలి అలా ఆనించానంతే. ఏం చెప్పమంటారన్నా! చెయ్యి తీయబుద్ధి కాలేదు. మునివెంకటప్ప ఎప్పుడు వెళ్ళిపోయాడో కూడా నాకు తెలియదు.

బోరు కుదిరింది. పండుగనాడు గ్రైండరు చప్పుడు లేకుండా తిరిగింది. అది తాను వేసిన బోరేనని ఆయన వీధంతా చెప్పుకుంటున్నారు, చెప్పుకోనీ. మిషను మాత్రం ఇక ఈ ఇల్లు దాటదు.

ఒక్కటే ఇబ్బంది. తెల్లారితే ఆయన మిషను పట్టుకుంటారు, చీకటి పడినా వదలరు. నాకు వంతే రావడం లేదు. అందుకని మీరు ఆయన్ను మీ ఊరికి పిలవండి. మేడమీద బోరు వేసేవాళ్ళకు ఆయుష్షు తక్కువని వెంకటముని చెప్పాడనండి, ఏదో ఒకటి అనండి. మీ మాటంటే ఆయనకు గురి.

ఇట్లు మీ చెల్లెలు
కల్యాణవల్లి

తా.క.: మీ ఊళ్ళో అరిగిపోయిన మోటారు బుష్షులు ఉంటే వెంటనే బస్సులో పంపండి. ఆయన్ను మాత్రం మామిడికాయలు కోతకొచ్చేదాకా వెనక్కి పంపొద్దు.