ముందు వాణ్ణి అడగాలి

ఫిబ్రవరి 3
తమ్ముడికి మాట పోయి ఏడాది దాటింది. కుడిచేయి కూడా లేవదు. ఎడమ చూపుడువేలు ఒక్కటే వాడి మాట వింటుంది. కాలేజీలో ప్రోగ్రామింగ్ చెప్పేవాడు. స్కీమ్ అనే కంప్యూటర్ భాష అంటే ప్రాణం. నాది సి. మొరటు భాష అని ఏడిపించేవాడు.

వాడికోసం ఒక పలక చేస్తున్నాను. బొమ్మ తాకితే స్పీకర్ మాట్లాడుతుంది. ఇంజిన్ అంతా సిలో, దాని కడుపులో వాడు రాసేది చదివి నడిపే చిన్న స్కీమ్ ఇంటర్‌ప్రెటర్. అంత అవసరమా వదినా అంది మరదలు. తన మాట తానే మార్చుకోవాలి కదమ్మా అన్నాను.

ఫిబ్రవరి 7
క్లాస్, అంటే పలక మాటలకు మూస, నిలబడింది. సి కోడ్ నుంచే దానికి పేరు పెట్టాను, ‘మాట’ అని. నేను రాసిన ఫంక్షన్‌ను ‘పలుకు’ అనే మెథడ్‌గా దానికి తగిలించాను, అంటే అది చేయాల్సిన పనిగా. దాని కింద పిల్ల క్లాస్ ‘జవాబు’, అది తమ్ముడిది. అందులో వాడు తన ‘పలుకు’ స్కీమ్‌లో రాసుకుంటే అదే నడుస్తుంది. రాసుకోకపోతే పైనున్న నాది. ఇంటర్‌ప్రెటర్ ముందు పిల్లను అడుగుతుంది, ఆ తర్వాతే తల్లిని. ఎంత చక్కని ఏర్పాటో.

ఫిబ్రవరి 8
ప్రార్థనకు కూర్చున్నా మనసులో సి కోడ్‌లోని పాయింటర్లే. దేవుడు నవ్వుకునే ఉంటాడు.

ఫిబ్రవరి 12, సాయంత్రం
ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. సోమవారం ఇంటికి వస్తారట. మళ్ళీ పాఠాలు చెబుతాడో లేదో తమ్ముడే చెప్పాలట, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. అక్కగారు మధ్యలో అందుకోవద్దు, ఏమీ అనుకోకండి అన్నారు. మరదలు పకపకా నవ్వింది. ఎందుకో తెలియలేదు.

ఫిబ్రవరి 14
మధ్యాహ్నమంతా కూర్చుని వాడు తన మెథడ్ రాశాడు. మూడు వరుసలు. బొమ్మ తాకాడు. పలక నేను పెట్టిన మాటే పలికింది, ఆలోచించి చెబుతాం అని. మళ్ళీ తాకాడు. ఆలోచించి చెబుతాం. నా వంక చూసి, పలకను బోర్లించేశాడు.

ఆయన నోరు తెరిచేలోగా మీరు జవాబు చెప్పేయడం చిన్నప్పటి నుంచీ ఉన్నదేనట కదా వదినా, అంది మరదలు. తమ్ముడి వేలు లేచి నన్ను చూపించింది.

ఫిబ్రవరి 15, ఉదయం 6
దొరికింది. వేగం కోసమని, పలక తెరుచుకోగానే ‘పలుకు’ ఎవరిదో ఒక్కసారి వెతికి, సిలో దాచి పెట్టుకున్నాను. అప్పటికి వాడింకా ఏమీ రాయలేదు. దొరికింది నాదే. ఆ తర్వాత వాడేం రాసినా అడిగే దిక్కు లేదు. కొత్తవాళ్ళు చేసే తప్పు కాదు. చేయి తిరిగినవాళ్ళే చేస్తారు.

దాచినది తీసేశాను. ఇక తాకిన ప్రతిసారీ ముందు వాణ్ణి అడుగుతుంది. కాస్త ఆలస్యమవుతుంది. కానీ.

పలక వాడి ముందు పెట్టాను. ముట్టుకోలేదు.

ఫిబ్రవరి 16
ప్రిన్సిపాల్ వచ్చారు. అడిగారు. నా నోరు తెరుచుకోబోయింది. మంచినీళ్ళ గ్లాసు అందుకుని తాగుతూ కూర్చున్నాను. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా దించలేదు.

వేలు కదిలింది. మా అక్క ఇంకా ఆలోచిస్తోంది, నేను మాత్రం వస్తాను, అంది పలక.

ఆ మొదటి ముక్క నిన్న సాయంత్రం చేర్చాడట. మరదలికి ముందే తెలుసట.

ఫిబ్రవరి 17
ప్రార్థనకు కూర్చున్నాను. రోజూ వాడి తరఫున కూడా నేనే అడిగేదాన్ని. ఈ రోజు నావి మాత్రమే అడిగాను. తొందరగా అయిపోయింది.