సగం ఇంటికి అద్దె

అక్టోబర్ 7, మంగళవారం

టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అయింది. అద్దెకు సాయమిచ్చే ఆఫీసులో జుట్టు నెరిసిన ఒకావిడ. మర్యాదస్తురాలే. నా దరఖాస్తులో ఒక గడి మీద పెన్ను ఆనించి ఆగింది.

"మీకు సొంత ఇల్లుంది."

"సగం. మిగతా సగం నా భార్యది."

"మరి మీరు అద్దె గదిలో ఎందుకుంటున్నారు?"

దానికి నా దగ్గర జర్మన్ లేదు. తెలుగైనా ఉందా అంటే... విడిగా ఉంటున్నాం అన్నాను. ఫిబ్రవరి నుంచి.

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఆమె, మా అమ్మాయి."

"మీ సగం వాడుకుంటున్నందుకు ఆమె మీకేమైనా ఇస్తోందా?"

నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. అడిగే హక్కు మీకుంది, మీరు అడగకుండా వదిలేసి ఆ లోటు మమ్మల్ని పూడ్చమంటే కుదరదు, రాతపూర్వకంగా అడగండి, ఆమె జవాబు తెండి, అప్పుడు చూద్దాం అంది.

సునీతను అద్దె అడగాలి. మా ఇంటికి.

అక్టోబర్ 8

ఏమీ చేయలేదు. ల్యాబ్‌కు వెళ్లాను, వచ్చాను.

అక్టోబర్ 9, గురువారం

క్యాంటీన్‌లో మా ల్యాబ్ శ్రీధర్ దొరికాడు. ఎండాకాలం మా ప్రాజెక్టు డబ్బులు కోసేసి నన్ను సగం రోజు ఉద్యోగిని చేసినప్పుడు వాడి సీటు మాత్రం నిలబడింది. అప్పటి నుంచి నన్ను చూస్తే వాడికి మొహమాటం, కాఫీ తనే కొంటాడు.

"అన్నా, ఇల్లున్నదని ఎందుకు రాసినవే? రాయకుంటే అయిపోతుండె."

"కాగితాల్ల పేరున్నది గదరా."

"ఎవడు సూస్తడు?"

చూస్తారు. కానీ నేను రాసింది భయంతో కాదు, నిజాయితీతోనూ కాదు. సొంత ఇల్లు లేదు అన్న గడిలో టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు. అంతే.

అక్టోబర్ 12, ఆదివారం

మా అమ్మాయి మేఘనను తీసుకురావడానికి వెళ్లాను. బెల్లు కొట్టి బయట నిలబడటం ఇంకా అలవాటు కాలేదు. మెట్ల పక్కన రాళ్లు నేనే పరిచాను. వాన పడితే మూడో రాయి దగ్గర ఇప్పటికీ నీళ్లు నిలుస్తున్నాయి. సరిచేద్దామనుకుంటూనే ఉండిపోయాను.

సునీత తలుపు తీసింది. బూట్లు విప్పబోతుంటే— "ఇప్పకు. పోయేదే గదా."

చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలి? బాగున్నావా, నాకు అద్దె ఇవ్వు?

నెకర్ నది పక్కన నడిచాం, నేనూ మేఘనా. స్కూలెట్లుంది అంటే "ఎగాల్" అంటుంది. తిండి ఎట్లుంది అన్నా ఎగాల్. అన్నీ దానికి ఒకటే. పదమూడేళ్లు కూడా నిండలేదు.

అక్టోబర్ 20, సోమవారం. దీపావళి

రమ్మని మేఘన మెసేజ్. దాని చేత సునీతే పెట్టించిందని అక్కడికెళ్లాక అర్థమైంది. హన్మకొండ నుంచి అత్తమ్మ వీడియో కాల్. సోఫాలో ముగ్గురం పక్కపక్కన కూర్చున్నాం.

"అల్లుడూ, గట్ల సన్నబడ్డవేంది? సునీతా, పెడుతున్నవా లేదా?"

"పెడుతున్న అమ్మా."

నేను తల ఊపాను. ఫోన్ పెట్టేయగానే సునీత లేచి అవతలి కుర్చీలోకి మారింది. మేఘన మమ్మల్నిద్దరినీ చూసి పైకి వెళ్లిపోయింది. తలుపు చప్పుడు.

వంటింట్లో చెప్పాను, గిన్నెలు తుడుస్తూ. తుడవడం నా వంతు కాదిప్పుడు, అయినా తుడిచాను.

"ఆఫీసోళ్లు... ఇంట్ల నా సగానికి నిన్ను పైసలు అడగమంటున్నరు."

"అడుగు."

"నేను అడుగుతలేను. అడిగినట్టు కాగితం గావాలె."

"అడగకుండ అడిగినట్టా? గదేం భాష?"

ఆమే మళ్లీ— "ఇంటి లోన్‌ల నీ సగం నువ్వు కడుతున్నవ్. ఏ రోజు ఆపుతవో అని నెలనెలా నేను సూస్తున్న. నా ఒక్క జీతం మీద లోన్ రాయమంటే బ్యాంకోళ్లు కాదన్నరు. అమ్మేద్దాం."

అంత తేలిగ్గా. చాలా రోజుల కిందటే ఒక్కతే కూర్చుని తేల్చుకున్న గొంతు.

అక్టోబర్ 21

అమ్మేద్దాం అట. వదిలి వచ్చింది నేను. అమ్మొద్దని అనుకుంటున్నదీ నేనే.

అక్టోబర్ 25, శనివారం

ఫోన్ చేశాను. కింద సెల్లార్ గది ఖాళీగానే ఉంది కదా, అక్కడుంటాను, వేరే గుమ్మం కూడా ఉంది, ఈ అద్దె మిగులుతుంది, ఇల్లు అమ్మక్కర్లేదు, మేఘన స్కూలు మారక్కర్లేదు. ముందే అన్నీ అనుకుని, ఒక వరసలో పెట్టుకుని చెప్పాను.

విన్నది. "నువ్వు కింద దగ్గితే నేను పైన లేస్త. మళ్ల ఆ దినాలు వద్దు."

ఆ దినాలు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. తిట్టుకోవడం కూడా చివర్లో మానేశాం. ఒకే ఫ్రిజ్ మీద చీటీలు. పాలు అయిపోయాయి. బుధవారం చెత్త బయట పెట్టాలి. మనుషుల అలికిడి వినబడితే గది మారేవాళ్లం. ఆమె అన్నది తప్పు కాదు.

అక్టోబర్ 28, మంగళవారం

శరదృతువు సెలవులు. మేఘన నా దగ్గర. మంచం దానికి, నేల నాకు. గది చూసి, గోడకు ఏమీ లేదేంటి అని అడిగింది, జర్మన్‌లో. సామాన్లన్నీ ఇంట్లోనే ఉన్నాయి అన్నాను తెలుగులో. "ఏ ఇంట్లో?"

ఉప్మా చేశాను. మాడింది. రెండుసార్లు పెట్టించుకుంది.

అక్టోబర్ 30, గురువారం

దానికి చెప్పేశాను. ఇల్లు అమ్మొచ్చు అని. ఇంకెవరో చెప్పేకంటే...

ఏడుస్తుందనుకున్నాను. లేదు. షూ లేసులు కట్టుకుంటూ కిందికి చూస్తూనే అంది, ఈసారి తెలుగులో, తడుముకుంటూ— "మీరు ఎప్పుడు కూడా నన్ను అడగరు. చెప్తరు."

ట్రామ్‌లో నా పక్కన కూర్చోలేదు. వెనక సీటులో కూర్చుంది.

అక్టోబర్ 31

సునీత ఫోన్. "హీటర్ ఎయ్యవంట? పిల్లను గట్ల సలిల పండవెడుతవా?" మేఘన ఉన్నప్పుడు వేశాను. అది లేని రోజుల సంగతి దానికెలా తెలిసిందో.

సునీతే మళ్లీ, "నీకు కూడా ఎయ్యాలె గదా" అంది. పెట్టేసింది. తిడితేనే నయం.

నవంబర్ 3, సోమవారం

స్టేషన్ పక్క బేకరీలో సునీత. ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది, కోటు విప్పలేదు. నా చేతిలో కాగితం పెట్టింది. జర్మన్ నాకంటే ఆమెదే బాగుంటుంది. నా భర్త తన వాటాకు డబ్బు అడిగాడు, నేను ఇవ్వను, బిడ్డను పెంచుతున్నాను, అతను తన ఇష్టప్రకారమే ఇల్లు విడిచాడు. సంతకం.

"ఇట్లనే గావాలె గదా?"

"ఆ."

"గట్టిగ రాసిన. మెత్తగ రాస్తే పని కాదు."

తన ఇష్టప్రకారమే. ఆ వాక్యం దగ్గర ఆగాను. ఆమె చూసింది. "అబద్ధమా?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

కాదన్నాను.

మరి అవునా? నువ్వు పో అని ఆమె ఎప్పుడూ అనలేదు. ఉండు అని కూడా అనలేదు. నేనూ అడగలేదు, పోవాలా అని.

నవంబర్ 6, గురువారం

నెరిసిన జుట్టావిడ రెండుసార్లు చదివింది. తల పైకెత్తి నన్ను ఇంకోలా చూసింది, జాలిగా. సునీత మీద కోపం వచ్చిందేమో ఆవిడకు. అలాంటిది కాదండీ ఆమె, అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. చెబితే కాగితం వృథా.

అయినా పని కాలేదు. ఆమె ఇవ్వనంటే మీరు లాయర్ దగ్గరికి వెళ్లాలి. లేదా ఇల్లు అమ్మకానికి పెట్టినట్టు చూపిస్తే, అమ్ముడయ్యే దాకా సాయం ఇవ్వగలమేమో పైవాళ్లను అడుగుతాను. "నాకు తెలుసు, కష్టమే" అంది. లేచి చెయ్యి కలిపింది.

సునీత మీద లాయర్‌ను పెట్టను.

సాయంత్రం ఇల్లు అమ్మడం గురించి సునీతకు ఒక్కటే మాట మెసేజ్ చేశాను. సరే.

నవంబర్ 15, శనివారం

బ్రోకర్ ఇల్లు చూపించడానికి ఒక జంటను తెచ్చాడు. ఆ అమ్మాయి కడుపుతో ఉంది. మెట్లెక్కడానికి రెయిలింగ్ పట్టుకుంటోంది. నన్నూ రమ్మంది సునీత. బాయిలర్ సంగతులు నాకే తెలుసు కాబట్టి.

చూపించాను. ఏ కిటికీ గట్టిగా లాగాలి, ఏ కుళాయి చలికాలంలో కట్టేయాలి. పొద్దుటి ఎండ ఏ గదిలోకి వస్తుందని ఆ అమ్మాయి అడిగింది. మేఘన గదిలోకి. నేను చెప్పేలోపే మేఘన ముందు నడిచి తన తలుపు తానే తీసింది. పరుపు ఎక్కడ వేస్తే ఎండ కళ్లలో పడదో చూపించింది. బుద్ధిగా, టీచర్‌లాగా. ఆ అమ్మాయి "థాంక్యూ" అని దాని భుజం మీద చెయ్యి వేస్తే, అలాగే నిలబడి వేయించుకుంది.

హాల్లో అతను అడిగాడు— ఇంత బాగా చూసుకున్నారు, ఎందుకు అమ్ముతున్నారు?

నేనూ సునీతా ఒకేసారి నోరు తెరిచాం. ఒకేసారి ఆగిపోయాం. నువ్వు చెప్పు అన్నట్టు ఆమె. నువ్వే అన్నట్టు నేను.

"మాకు పెద్దదైంది" అంది సునీత చివరికి.

నవంబర్ 17, సోమవారం

వాళ్లకు నచ్చింది. అడిగిన ధరకే. శుక్రవారం లోపు మీరిద్దరూ ఫోన్ చేసి ఒప్పుకున్నామని చెప్పాలి, ఒక్కరు చెబితే చాలదు, అన్నాడు బ్రోకర్.

నవంబర్ 19

మేఘన దగ్గర్నుంచి మెసేజ్, జర్మన్‌లో. నేను అమ్మతో ఉన్నప్పుడు ఇది మీ ఇల్లు, మీతో ఉన్నప్పుడు అమ్మ ఇల్లు, నాది ఎప్పుడూ కాదు. కొత్త ఇంటికి కూడా నా పేరు ఉండదు కదా.

జవాబు మూడుసార్లు రాసి కొట్టేశాను. ఆదివారం వస్తాను, మాట్లాడదాం అని పంపాను. చూసింది.

నవంబర్ 21, శుక్రవారం

మధ్యాహ్నం బ్రోకర్ ఫోన్. గంభీరంగా ఉన్నాడు. మీ నుంచి ఇంకా ఫోన్ రాలేదే అన్నాడు.

"నా భార్య చెప్పిందా?" అన్నాను.

లేదట. ఆమె కూడా ఇదే అడిగిందట. ఆయన చెప్పాడా అని.

సాయంత్రం దాకా టైముంది అన్నాడు. ఇప్పుడు బయట చీకటి పడుతోంది, నేనింకా ఫోన్ చేయలేదు.