సాన్వి చూపించిన షికాగో

నేపర్‌విల్,
జూలై 19.

అక్కకి సుమతి నమస్కారాలు.

మేమంతా కులాసా. బావగారి మోకాలినొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. సాన్వి సరిగ్గా తింటోందా అని అడిగావు. పొద్దున్నే తనే రెండు దోసెలు వేసుకుని తిని, ట్రెయిన్‌కి పరిగెడుతుంది. అది చేరిన వేసవి ఇంగ్లీష్ క్లాసులో పదహారు దేశాల పిల్లలున్నారట. "ఒకరి భాష ఒకరికి రాదు పిన్నీ, పోట్లాడుకోవాలన్నా ఇంగ్లీషే" అని నవ్వుతుంది.

పోయిన ఆదివారం మమ్మల్ని డౌన్‌టౌన్‌కి అదే తీసుకెళ్ళింది. వంతెన మీద నిలబెట్టి, "బాబాయ్, ఈ నది ఒకప్పుడు సరస్సులోకి పారేది. మురుగంతా తాగే నీళ్ళలో కలుస్తోందని కాలువ తవ్వి, నదినే వెనక్కి తిప్పేశారు" అంది. ఎప్పుడో పెద్ద అగ్నిప్రమాదంలో మూడోవంతు ఊరు కాలిపోయాక ఇంత ఎత్తు మేడలు కట్టడం మొదలుపెట్టారట. మా ఆయన నోరు తెరుచుకుని విన్నారు. పదకొండేళ్ళ నుంచి ఇక్కడున్నాను అక్కా, నాకు తెలిసిన షికాగో అంతా ఎయిర్‌పోర్టు, ఇండియన్ స్టోరు, ఆఫీస్‌కెళ్ళే హైవే.

అంతవరకైతే సరిపెట్టుకుందును. మా అవనికి పద్నాలుగేళ్ళు వచ్చాయి, నేను తెలుగులో అడిగితే ఇంగ్లీష్‌లోనే జవాబిస్తుంది. అలాంటిది సాన్వి చెయ్యి పట్టుకుని, "అక్కా, నది ఎందుకు వెనక పోయాడు?" అని తెలుగులో అడుగుతోంది! ఒళ్ళు మండిపోయింది. 

సాన్వి తిరుగు టికెట్ ముందుకు జరిపి త్వరగా రప్పించనా అన్నావు. వద్దు. సాన్వి బెంగపెట్టుకుని ఏడుస్తోందని ఆ సాయంత్రమే నీకు మెయిల్ రాశాను. అది అబద్ధం. ఇంకో మూడు వారాల క్లాసు ఫ్రీగా ఇస్తామని వాళ్ళ టీచర్ అన్నారట. "నువ్వు చెబితే అమ్మ ఒప్పుకుంటుంది పిన్నీ" అని నాతో అంది. ఆ సంగతి నీకు చెప్పలేదు.

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక సాన్వి వంటింట్లోకి వచ్చింది.

"నేను ఏడుస్తున్నానని అమ్మకి ఎవరు చెప్పారు పిన్నీ?"

"నేనే."

"ఎందుకు?"

"అవని నీతో తెలుగు మాట్లాడుతోందని."

స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "నా ఇంగ్లీష్‌లో బోలెడు తప్పులు కదా, అందుకే దాని తప్పులకి నేను నవ్వను. నువ్వు నవ్వుతావట పిన్నీ."

నిజమే అక్కా. ఇంటికొచ్చిన వాళ్ళందరి ముందూ దాని తెలుగుని అనుకరించి నవ్వించింది నేనే.

ఆ మూడు వారాలూ దాన్ని ఉండనివ్వు. నా కుళ్ళు పోయిందని చెప్పను. హాల్లో ఇద్దరూ కిలకిలా నవ్వుకుంటున్నారు, నాకిప్పుడూ గుచ్చుకుంటూనే ఉంది. పొద్దున అవనికి సారీ చెప్పాను. కాసేపయ్యాక పాలగ్లాసు పక్కకి తోసి, "వద్దు అమ్మా, కడుపు నిండిపోయాడు" అంది.

నవ్వు వచ్చింది. మింగేసి, "సరే నాన్నా" అన్నాను.

ఇట్లు,
క్షమించమని నిన్ను అడగడానికి ఫోన్ చేసే ధైర్యం లేని
నీ చెల్లెలు,
సుమతి