అడిగి తాగే నీళ్లు

శ్రావణి బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బిడ్డను బడికి పంపను, ఇంట్లోనే చదివిస్తానని మీవాళ్లందరితో కొట్లాడినవాడివి. మంజీర గోదావరిలో ఎట్లా కలుస్తుందో చూపించడానికి దాన్ని బండి మీద కందకుర్తి దాకా తీసుకుపోయావు. నీకేం, సగంలో వదిలేసి పోయావు. పొద్దున్నే పసుపు మార్కెట్ యార్డుకు పనికి పోయే నాకు ఆ చదువు చెప్పడం చేతకాలేదు. నెల కింద మన గల్లీ బడిలోనే వేశాను.

మూడో రోజే సారు పిలిపించాడు. "పాఠం నడుస్తుంటే అడగకుంట లేసి నీళ్లకు పోతది. ఇంట్ల గిదేనా నేర్పింది?" అన్నాడు.

"జర భయం చెప్పుండ్రి సారూ" అన్నాను. నేనే, నా నోటితోనే.

ఇవాళ పొద్దున మీ అన్న వచ్చాడు. మూల కూర్చుని చూసిరాత రాసుకుంటున్న శ్రావణిని చూసి, "ఇప్పుడు సక్కగైంది పోరి" అని మెచ్చుకున్నాడు. నేను చాయ్ పోసి ఇచ్చాను.

ఆయన పోయాక నీ ఫోటోకు దండ వేస్తున్నాను. శ్రావణి వంటింట్లో చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మా, నీళ్లు తాగొచ్చా?" అని అడిగింది.

కుండ దాని పక్కనే ఉంది.