ఒక్క రింగ్

జనవరి 9

అయిపోయింది. మా నెట్‌వర్క్‌కి నూకలు చెల్లాయి. ప్రభుత్వం మా సిగ్నల్ నడిచే బ్యాండ్ తీసేసుకుని, వేరే రకం టెక్నాలజీ వాడే అవతలి కంపెనీకి ఇచ్చేస్తోంది. ఇకమీదట దేశమంతా ఒకే రకం నెట్‌వర్క్ ఉండాలట. బాస్ మీటింగ్‌లో ఈ మాట పెళ్లి కబురులా నవ్వుతూ చెప్పాడు. ఆయనకి అవతలి కంపెనీలో కుర్చీ ఖాయమైందని గడియారం నా చెవిలో ఊదాడు. గడియారం అంటే నా పక్క సీటువాడు. పని కన్నా టైమే ఎక్కువ చూస్తాడు.

మాదేం తీసికట్టు టెక్నాలజీ కాదు. కొండల్లో, లోయల్లో మా సిగ్నల్ అందినంత దూరం వాళ్లది అందదు. ఏం లాభం? చుట్టుపక్కల దేశాలన్నీ వాళ్లదే కొన్నాయి, అందుకని వాళ్ల ఫోన్లు చవక. మా ఫోన్లు దొరకవని జనం మా దగ్గరికి రారు. జనం రారని మా ఫోన్లు ఎవరూ తయారుచెయ్యరు. ఇన్నేళ్లూ ఇందులోనే తిరిగాం. కడుపు మండిపోతోంది.

జనవరి 12

అక్కకి ఇంకా చెప్పలేదు. కొండమీద నీళ్ల పంపుహౌస్‌లో ఆపరేటర్ తను. ఒంటరి మనిషి, పైగా ఉబ్బసం. అక్కడ మా సిగ్నల్ తప్ప ఇంకోటి లేదు, మా ఫోనూ తనొక్కదాని దగ్గరే ఉంది. సాయంత్రం మోటారు ఆపగానే నాకు ఒక రింగ్ ఇచ్చి కట్ చేస్తుంది. బాగానే ఉన్నానని అర్థం. నేనూ ఒకటి తిరిగిస్తాను. వరసగా మూడు ఇస్తే ఉన్నపళంగా బయల్దేరి రమ్మని. ఆ మూడు ఇంతవరకూ రాలేదు.

మాట్లాడొచ్చుగా అని ఎన్నిసార్లు పోరానో. తను నోరు తెరిస్తే దగ్గొస్తుందట, నేను తెరిస్తే ఆపనట. ఏదన్నా ఉంటే సెలవుల్లో వచ్చినప్పుడు ఏడవమంటుంది.

ఫిబ్రవరి 2

హమ్మయ్య. మినిస్ట్రీ ఆర్డర్ వచ్చింది. కొండప్రాంతాల్లో వాడేవాళ్లున్న టవర్లు ఇంకో ఏడాది ఉంచాలి. కొత్త కంపెనీ అక్కడ టవర్లు వెయ్యాలన్న షరతు లైసెన్సులో లేదు మరి. జనాభా ఉన్నచోట వేస్తే చాలు. కొండమీద ఓట్లూ తక్కువే, బిల్లులూ తక్కువే.

ఈ ఏడాదిలో అక్కని బదిలీకి ఒప్పించాలి. అప్పటిదాకా చెప్పి కంగారుపెట్టడం దేనికి?

వాడేవాళ్లు లేని టవర్లు మాత్రం మార్చి మొదట్లోనే ఆపేయాలి. ఆ లిస్టు చేసే పని నాకు అంటగట్టారు.

ఫిబ్రవరి 20

లిస్టు పంపేశాను. మూడు నెలల్లో ఒక్క కాల్‌కి కూడా బిల్లు పడని టవర్లన్నీ అందులోకి. మినిస్ట్రీ చెప్పిన కొలత అదే. ఊళ్ల పేర్లుండవు, కోడ్‌లే. అక్క టవర్ కోడ్ చూద్దామనుకుని మానేశాను. రోజూ వాడుతున్నాంగా, అదెందుకుంటుంది?

మార్చి 3

మధ్యాహ్నం మొదటి విడత ఆపేశాం. స్వీట్లు పంచుదామా అన్నాడు గడియారం. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం అక్క రింగ్ రాలేదు. ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయి ఉంటుంది. మతిమరుపు మహాతల్లి.

మార్చి 4, ఉదయం

నేను చేస్తే అందుబాటులో లేరని వస్తోంది. ఎన్నిసార్లు చేసినా అదే. ఆఫీసుకి వచ్చీ రాగానే అక్క నంబరు పట్టుకుని కోడ్ తీశాను.

లిస్టులో ఉంది.

నేనే పెట్టాను. ఎత్తని కాల్‌కి బిల్లు పడదు. బిల్లు పడనిది ఆ రిపోర్టులోకే రాదు. ఇది నాకు తెలియని సంగతా? ట్రైనింగ్‌కి వచ్చేవాళ్లకి నేనే పాఠం చెబుతాను! ఇన్నేళ్లు రోజూ పలకరించుకున్నాం. రిపోర్టు ప్రకారం ఆ కొండమీద మనిషన్నదే లేదు.

మార్చి 4, మధ్యాహ్నం

ఆ ఒక్క టవర్ తిరిగి ఆన్ చెయ్యమని బాస్ కాళ్లావేళ్లా పడ్డాను. అక్కడి బ్యాండ్ నిన్ననే అప్పగించేశామన్నాడు. ఇప్పుడు మనం వాడితే నేరమన్నాడు. మినిస్ట్రీకి అర్జీ పెట్టుకోమన్నాడు. గడియారం నా బ్యాగు తెచ్చి చేతిలో పెట్టి, ముందు బస్సెక్కమన్నాడు.

మార్చి 8

అక్క లేదు.

పంపుహౌస్‌లో వాల్వులు తిప్పే అతను చెప్పాడు. మూడో తారీఖు సాయంత్రం ఆయాసం ఎక్కువై బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడిందట. ఫోన్ నొక్కడం, చెవి దగ్గర పెట్టుకోవడం, మళ్లీ నొక్కడం. కిందికి వెళ్లి జీపు తెస్తానని అతనంటే వద్దందట. చెల్లెలికి రింగ్ వెళ్తే చాలు, ఏం చెయ్యాలో అది చూసుకుంటుంది అందట. చీకటి పడ్డాక అతను తన మాట వినకుండా వెళ్లి తెచ్చాడు. అక్క ప్రాణం ఆస్పత్రి దాకా ఆగలేదు.

సిగ్నల్ పోవచ్చని తనకి ఒక్క ముక్క చెప్పి ఉంటే అప్పుడే జీపెక్కేది. అదే వేళకి నేను ఇంట్లో కూర్చుని మతిమరుపు మహాతల్లి అని రాసుకున్నాను. నా చేతులు విరిగిపోను.

మార్చి 19

ఆఫీసుకి వెళ్లాను. మినిస్ట్రీ నుంచి మెచ్చుకోలు వచ్చింది. ఆపేసిన టవర్ల నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదట.

ఎలా వస్తుంది? ఫోన్ చెయ్యాలిగా.

బాస్ చదివి వినిపిస్తూ నన్ను చూసి మధ్యలో ఆపేశాడు. గడియారం ఇవాళ ఒక్కసారి కూడా టైము చూసుకోలేదు.

మార్చి 20

మోటారు ఆపే వేళ. అక్కకి ఒక్క రింగ్ ఇద్దామని నొక్కాను. ఈ నంబరు వాడుకలో లేదంది.

ఇదీ లెక్కలోకి రాదు.